పరిత్యక్త బాల్యము, హంతకుని మనస్సు



బెంగుళూరు నగరపు పీణ్య ప్రాంతమున 1998వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన, ఏడేండ్ల బాలుడొకడు వీధిలో ఆటలు ముగించుకొని యింటికి రాగా, లోపల నొక అపరిచిత పురుషుడు కనబడెను. అతడు తన్ను ‘అంకుల్’ అని పరిచయము చేసికొని, మీ అమ్మకు దయ్యము పట్టినది, అందువలన చేతులు కట్టివేసితిని, పోయి వైద్యుని తీసికొనివత్తునని చెప్పి, యింటిలోని వస్తువులు కొన్నింటిని మూటగట్టుకొని వెడలిపోయెను. ఆ తల్లి వితంతువు. తండ్రిని మునుపే కోల్పోయిన ఆ పసివానికి తల్లియు ఆనాటితో లేకపోయెను.

ఆ పురుషుడు బి.ఎ. ఉమేశ్. ప్రజలు, పత్రికలవారు ఉమేశ్ రెడ్డి యనుచుందురు. చిత్రదుర్గ జిల్లాలో పుట్టి, కేంద్ర రిజర్వు పోలీసు దళమున కొంతకాలము, తరువాత తన జిల్లా సాయుధ పోలీసు దళమున కొంతకాలము ఖాకీ ధరించినవాడు. పీణ్య హత్యకు గాను 2006వ సంవత్సరమున బెంగుళూరు న్యాయస్థానము అతనికి మరణశిక్ష విధించెను. 2011 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. 2013లో రాష్ట్రపతి క్షమాభిక్షను నిరాకరించెను. తుదకు 2022 నవంబరు 4వ తేదీన అదే సుప్రీంకోర్టు, బెళగావి చెరసాలలో అతనిని ఏండ్ల తరబడి చట్టవిరుద్ధముగా ఏకాంత నిర్బంధమున నుంచిరను కారణమున, ఉరిని తొలగించి, కనీసము 30 ఏండ్లు అనుభవింపవలసిన యావజ్జీవ కారాగారవాసముగా మార్చెను. అతని ప్రాణము నిలుపుమని అర్థించినవారిలో కన్నతల్లియు కలదు.

ఇటువంటి ఘోరము వెల్లడియైన ప్రతిసారియు, హోటలు బల్లల యొద్దను, బస్సులలోను, పత్రికా కార్యాలయములలోను జనులు ఒకే ప్రశ్న వేసికొందురు: వీడిట్లెందుకైనాడు? ఉత్తరమును సిద్ధముగానే యుండును. చిన్ననాడు తల్లి విడిచియుండును, తండ్రి తన్నితరిమియుండును, ఎవరును చేరదీసియుండరు, అందువలన మృగమైనాడని. ఈ ఉత్తరమునందు దయ కలదు, కొంత సత్యమును కలదు. కాని పీణ్య కథను దీని ప్రక్కన నిలిపి చూచినచో, ఆ ఉత్తరము వక్రముగా కనబడును. హంతకునికి వధ్యశిల దాక వెంట నిలిచిన తల్లి కలదు. ఆ సిద్ధాంతము కోరిన సకల దుఃఖములును, అనగా పితృవియోగమును, మాతృవియోగమును, కన్నులారా చూచిన దారుణమును, సంప్రాప్తించినవి ఆ ఏడేండ్ల బాలునికి. ఆ బాలుడేమి చేసెను? న్యాయస్థానమునకు వచ్చి, తాను చూచినదానిని చూచినట్లు చెప్పెను. ఆ శిక్షకు ఆధారమైన సాక్ష్యములలో అతనిది ముఖ్యమైనది.

ఐనను, బాల్యమునందలి వియోగము మనస్సును వికృతము చేయునను మాట నిరాధారము కాదు. దానిని శాస్త్రముగా పరీక్షించినవారిలో ప్రథమగణ్యుడు జాన్ బౌల్బీ యను ఆంగ్ల వైద్యుడు. ఆయన లండనులోని బాలల చికిత్సాలయమునకు వచ్చిన 44 మంది దొంగపిల్లల జీవితచరిత్రలను ఒక్కొక్కటిగా విప్పి చూచి, 1944లో ప్రకటించెను. వారిలో 14 మంది ఎవరిపట్లను మమకారము గాని, చేసిన పనికి సిగ్గు గాని, పరుల బాధకు కరుగుట గాని యెరుగనివారు. ఆ 14 మందిలో 12 మంది శైశవమున తల్లికి దీర్ఘకాలము దూరమైనవారు. తక్కిన 30 మంది దొంగలలో అట్టివారు అయిదుగురు మాత్రమే. దొంగతనమెరుగకయే అదే చికిత్సాలయమునకు వచ్చిన మరి 44 మంది పిల్లలలో ఇద్దరు. ఈ సంఖ్యలను చూచి బౌల్బీ చలించినాడు. మనమును చలింపవలసినదే. కాని ఆ పిల్లలు దొంగలే గాని హంతకులు కారని మరువరాదు. ఇప్పటి కొందరు రచయితలు ఆ పరిశోధనను నేరుగా నెత్తుటి కథలకు ముడివేయుచుండుట న్యాయము గాదు.

బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ చేసిన పని నాకు అంతకంటె హృదయంగమము. ఆ దినములలో ఇంగ్లండు ఆసుపత్రులలో శిశువులను చేర్చుకొని, తలిదండ్రులను వారమున కొక్కనాడో, అదియు లేకనో మాత్రమే చూడనిచ్చెడివారు. ఒంటరియైన బిడ్డ మొదట గుండె పగులునట్లు ఏడ్చును. పిమ్మట ఏడుపు మాని, గోడవైపు మొగము త్రిప్పుకొని, మూగయై కూర్చుండును. తరువాత మరల తినును, ఆడును, వచ్చినవారిని చూచి నవ్వును, కాని తల్లి వచ్చినచో ఆమెను పరాయిదానివలె చూచును. ఈ మూడవ దశను చూచి ఆసుపత్రి దాదులు “పిల్లవాడు సర్దుకున్నాడు, ఇక ఫరవాలేదు” అని సంతోషించెడివారు. రాబర్ట్‌సన్ మాత్రము ఆ సర్దుబాటునే భయపడవలసిన చిహ్నముగా గుర్తించి, దానిని లోకమునకు చూపుటకై 1952లో రెండేండ్ల బాలిక ఆసుపత్రివాసమును చలనచిత్రముగా తీసెను. ఏడ్చు బిడ్డ ఇంకను ఎవరో వత్తురని నమ్మిన బిడ్డ. ఏడుపు మానిన బిడ్డలో ఆ నమ్మకము అణగిపోయినది. పరుని ఏడుపు ఆ బిడ్డ చెవికి సోకినను హృదయమునకు సోకకపోవుట అక్కడ మొదలగును.

ఈ మాట మన తెలుగిండ్లకు దూరమైనది కాదు. ఇంటిలో తల్లియో తండ్రియో మరణించినప్పుడు పది పదునొకండు దినములు ఇల్లంతయు జనమే. మేనత్తలు, పినతల్లులు, ఇరుగుపొరుగువారు. ఏడేండ్ల పిల్లవాని చేత తలకొరివి పెట్టింతురు. వానికి గుండు గీయించి, తడిబట్టతో నిలబెట్టి, పురోహితుడు చెప్పిన మాటలను పలికింతురు. “మగపిల్లవాడివి, ఏడవకూడదు, చెల్లెలికి నీవే దిక్కు” అని తల నిమురుదురు. లేదా “అమ్మ ఊరికి పోయింది, వచ్చేస్తుంది” అని మభ్యపెట్టుదురు. కర్మ ముగిసిన మరునాడు పందిరి తీయుదురు, చుట్టములు బస్సెక్కుదురు. ఆ సాయంకాలము పెద్దలు వసారాలో కూర్చుండి, పిల్లవానిని ఎవరు తీసికొనిపోవలెను, పిల్లను ఎవరి యింట నుంచవలెను, పొలము కౌలు ఎవరికి చెల్లవలెను అని మాటలాడుకొందురు. ఆ మాటలు తలుపు చాటున నున్న బిడ్డలకు వినబడుచునే యుండును. అన్నాచెల్లెండ్రు చెరియొక ఊరికిని చేరుదురు. మేనమామ యింట పిల్లవాడు అన్నము మారు అడుగడు, అల్లరి చేయడు, చెప్పిన పని చేయును. ఎంత బుద్ధిమంతుడైనాడో యని అందరును మెచ్చుకొందురు. రాబర్ట్‌సన్ చూచిన మూడవ దశ యిదియే. ఈ బుద్ధిమంతులలో నూటికి తొంబదిమందికి పైగా మంచివారే యగుదురని నా విశ్వాసము. కాని వారి మౌనమును మంచితనముగా భావించి, వారి దుఃఖమును ఎవరును అడుగక వదలుట మన కుటుంబవ్యవస్థలో నేను చూచిన పెద్ద లోపము.

వియోగము క్రౌర్యముగా మారుట ఎట్లని అడిగినచో, ఒక జీవితమును ఉదాహరింతును. చార్లెస్ శోభరాజ్ 1944లో సైగాన్ పట్టణమున జన్మించెను. తల్లి వియత్నాము స్త్రీ, తండ్రి సింధీ వర్తకుడు. తండ్రి వారిని విడిచెను, తల్లి ఒక ఫ్రెంచి సైనికాధికారిని వివాహమాడెను. ఆ దంపతులకు బిడ్డలు కలిగిన కొలదియు ఈ పిల్లవాడు ఇంటిలో నొక మూలకు జరిగెను. ఫ్రాన్సునకును ఆసియాకును మధ్య అటునిటు త్రోయబడి, ఏ దేశమునకును పూర్తిగా చెందక పెరిగెను. పెద్దవాడై, 1970 దశకమున తూర్పుదేశములు చూడవచ్చిన యువతీయువకులతో స్నేహము చేసి, మందు పెట్టి, దోచి, పలువురిని చంపెను. అతని క్రౌర్యమునందలి పద్ధతి గమనింపదగినది. మొదట తానే వారికి విషమిచ్చి రోగగ్రస్తులను జేసి, పిదప తానే పరిచర్య చేసి, తనపై ఆధారపడునట్లు చేసికొనెడివాడు. తన్ను ఎవరును విడిచిపోలేని స్థితిని అతడు చేజేతుల కల్పించుకొనెననిపించును. గ్రీసు దేశమున తానును సవతి తమ్ముడును చెరలో పడినప్పుడు, తమ్ముని తన స్థానమున విడిచి తాను పారిపోయెను. ఆ తమ్ముడు తరువాత టర్కీ చెరసాలలో దీర్ఘశిక్ష ననుభవించెను. చిన్ననాడు తనకు జరిగినదానినే అతడు పెద్దవాడై, తన్ను నమ్మినవానికి చేసెను.

అతని బాల్యమును తలచి నేను జాలిపడుదును. అతని నేరములను మన్నింపను. తన గాయమును తాను బాగుగ నెరిగియుండి, అడిగినవారికెల్ల దానిని కథగా చెప్పుకొని, ఆ జ్ఞానమును ఇతరులను వశపరచుకొనుటకే వినియోగించిన మేధావి అతడు. అతని ముందు మరియొక దారి లేకపోలేదు. ఒకే తల్లి కడుపున పుట్టి, అదే యింట పెరిగిన బిడ్డలలో హత్యలకు దిగినది అతడొక్కడే.

లెక్కలును ఇదే చెప్పుచున్నవి. అమెరికాలో క్యాథీ స్పాట్జ్ విడమ్ అను పరిశోధకురాలు, బాల్యమున హింసకో నిర్లక్ష్యమునకో గురియైనట్లు న్యాయస్థానములలో నమోదైన 908 మందిని, అట్టి చరిత్ర లేని 667 మందిని పోల్చి, 1989లో ఫలితములను ప్రకటించెను. హింసాత్మక నేరములలో పట్టుబడినవారు మొదటి వర్గమున నూటికి సుమారు 11 మంది, రెండవ వర్గమున సుమారు 8 మంది. భేదము కలదు, దానిని తోసిపుచ్చరాదు. కాని బాల్యమున అంత బాధపడినవారిలోను నూటికి 89 మంది అట్టి నేరమున పట్టుబడినవారు కారు. హవాయి దీవులలోని కవాయీలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమీ వెర్నర్ బృందము దశాబ్దముల తరబడి వెంబడించి చూచెను. దారిద్ర్యము, తలిదండ్రుల కలహము, రోగము, పానము మొదలైన అనేక కష్టముల నడుమ పెరిగినవారిలోను మూడవవంతు సమర్థులై, దయాళువులై ఎదిగిరి. వారి జీవితములలో తరచుగా కనబడినది ఒకటి కలదు. కన్నవారు కాకున్నను, అవ్వయో, తాతయో, ఉపాధ్యాయుడో, పొరుగింటి అమ్మయో, ఎవరో యొక్కరు ఆ బిడ్డను తమదిగా తలచి విడువక పట్టుకొని యుండిరి.

కనుక నా దృష్టిలో హంతకుని మనస్సును గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న, ఎవరు వానిని విడిచిరను ప్రశ్న గాదు. విడిచిన పిమ్మట ఎవరు వచ్చిరను ప్రశ్న. మన పెద్దలు కర్ణుని కథను మనకు చిన్ననాటనే చెప్పిరి. పెట్టెలో పెట్టి నీట విడిచిన బిడ్డ అతడు. అతనిని అధిరథుడును రాధయు ఎత్తుకొనిరి. ఆ చేతుల పెంపకము వలననే అతడు అడిగినవానికి లేదనని దాతయైనాడు. కుంతి అతని జన్మరహస్యము చెప్పి పిలిచినప్పుడును, పెంచిన తల్లి రాధను విడువనని నిలిచినాడు. ఐనను కులము పేరిట సభామధ్యమున పొందిన అవమానమును అతడు జీర్ణించుకొనలేకపోయెను. ద్రౌపదిని నిండుసభలో దూషించెను. ఒంటరియైన అభిమన్యుని విల్లు విరిచినవారిలో నొకడాయెను. కవులు అతనికి అశ్రువులు రాల్చిరి గాని, ఆ దోషమును మాపలేదు. కనికరించుట వేరు, తీర్పు చెప్పుట వేరు. రెండును ఒకే మనస్సులో ఒకదానినొకటి చెరుపక నిలువగలవని భారతము వినిపెరిగిన జాతికి తెలియును.

మన న్యాయస్థానములు ఆ రెండింటిని కలిపి నిలుపుటకు చాలకాలము పట్టినది. శిక్ష విధించునప్పుడు నేరమును మాత్రమే కాక నేరస్థుని కూడ చూడవలెనని 1980లో బచన్ సింగ్ తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పెను. కాని ఆచరణలో నిందితుని జీవితము న్యాయమూర్తి యెదుటికి వచ్చుట అరుదు. పేదవాని పక్షమున వాదించు వకీలునకు, కక్షిదారుని ఊరికి పోయి, వాని చిన్ననాటి ఉపాధ్యాయునో, అవ్వనో కనుగొను తీరిక గాని, ద్రవ్యము గాని యుండదు. 2021లో ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాజెక్టు 39ఏ అను సంస్థ, మరణశిక్ష పడిన 88 మంది ఖైదీల మానసిక స్థితిని పరీక్షించి గ్రంథముగా ప్రకటించెను. ఆ పరిశోధన జరిగిన రాష్ట్రములలో కర్ణాటకయు నొకటి. బెంగుళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ వైద్యులు దానికి మార్గదర్శకులైరి. పరీక్షింపబడినవారిలో నూటికి 62 మంది ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచుండిరి. పెక్కురు బాల్యమున నిర్లక్ష్యమును, హింసను, కలతల కాపురమును చూచినవారే. మరుసటి యేడు, 2022 మే నెలలో, మనోజ్ కేసున సుప్రీంకోర్టు, మరణశిక్షకు అవకాశమున్న కేసులలో నిందితుని బాల్యకుటుంబ పరిస్థితి, తలిదండ్రుల రక్షణ, హింస, నిర్లక్ష్యము, దారిద్ర్యము, చదువు, మానసిక స్థితి వీనిని గూర్చిన వివరములను విచారణ దశయందే తెప్పించి చూడవలెనని నిర్దేశించెను.

ఇది గొప్ప అడుగని నేను మనఃపూర్వకముగా చెప్పుదును. ఇందువలన దోషి తప్పించుకొనునని కొందరు భయపడుచున్నారు. బాల్యము తెలిసినంత మాత్రమున దోషము తొలగదు. శిక్షను నిర్ణయించువానికి ఎదుటి మనుష్యుడు తెలియును. ఐనను నా మనస్సున నొక వ్యాకులత మిగిలియే యున్నది. వీనిని ఎవరు పెంచిరి, ఎవరు కొట్టిరి, ఎప్పుడు బడి మానెను అను ప్రశ్నలను మనము ముప్పదియేండ్ల వయసున, ఉరికంబపు నీడలో, హతుల బంధువులు గుండె చెదరి కూర్చున్న గదిలో తొలిసారి అడుగుచున్నాము. ఆ ప్రశ్నలు పదియేండ్ల వయసుననే అడుగదగినవి.

అడుగుటకు చోటు బెంగుళూరులోనే కలదు. మనము మెజెస్టిక్ అని పిలుచు ప్రాంతమున నున్న నగర రైల్వే స్టేషనుకు, గుంతకల్లు, ధర్మవరము, హిందూపురము దిక్కు నుండి వచ్చు బండ్లలో ఇల్లు విడిచిన పిల్లలు దిగుచునే యుందురు. సవతి తల్లి కొట్టినదని, నాయన త్రాగి తరిమినాడని, అమ్మ పోయిన తరువాత మామయింట నుండలేక వచ్చితినని చెప్పుదురు. కొందరేమియు చెప్పరు. ప్లాట్‌ఫారము చివర నీళ్ల కొళాయి యొద్ద మొగము కడుగుకొని, ఖాళీ సీసాలు ఏరు పెద్ద పిల్లల వెంట పడుదురు. ఆ పెద్దపిల్లలు వారికి ఇడ్లీ పెట్టింతురు, రాత్రి పడుకొను చోటు చూపుదురు, నాలుగు దినములు తిరుగకముందే మత్తునిచ్చు సొల్యూషన్ అద్దిన గుడ్డను వాసన చూచుట నేర్పుదురు. ఆ చేరదీసినవాడే వారికి అన్నయు, నాయనయు నగును. వాడు దొంగతనము చేయుమన్నను చేయుదురు. 1980లో డాన్ బాస్కో సంస్థకు చెందిన యువకులు కొందరు ఈ నగరమున బాస్కో యను పేర వీధిపిల్లల సేవ నారంభించినప్పుడు, పిల్లలున్న చోటికే, ఆ వీధులకే, తాము పోయిరి. పిల్లవాడు బండి దిగిన తొలి గంటలలో వానితో మొదట మాటాడు మనుష్యుడెవడను దానిమీద ఎంతయో ఆధారపడియున్నదని వారివంటివారి అనుభవము.

చట్టమును అనుకూలముగానే యున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము, దిక్కులేక దొరికిన బిడ్డను ప్రయాణకాలము మినహాయించి 24 గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట హాజరుపరుపవలెను. వాని యిల్లు, తలిదండ్రులు, చదువు, ఆరోగ్యము, పడిన హింస వీనిని గూర్చి సామాజిక పరిశోధన నివేదిక వ్రాయింపవలెను. చదివి చూడుడు, సుప్రీంకోర్టు మనోజ్ కేసున కోరిన వివరములలో చాల భాగము ఈ నివేదికలో నుండవలసినవే. దానిని వ్రాయువాడు పని యొత్తిడిలో ‘తండ్రి లేడు, తల్లి కూలి’ అని రెండు మాటలు గీకి పంపునా, లేక పిల్లవాని ప్రక్కన కూర్చుండి వాడు చెప్పునది వినునా అనుదానిమీద ఆ బిడ్డ భవిష్యత్తు కొంత ఆధారపడియుండును.

మన తెలుగు పిల్లల విషయమున మరియొక చిక్కు కలదు. రాయలసీమ పల్లె నుండి వచ్చిన ఎనిమిదేండ్ల వానికి కన్నడము రాదు, హిందీ రాదు. అధికారి యడిగిన ప్రశ్నకు తలయూపును, లేదా మిన్నకుండును. మాట్లాడడు, మొండివాడు అని వ్రాసికొందురు. ఈ నగరమున తెలుగువారము లక్షల సంఖ్యలో నున్నాము. స్టేషనులోనో, బస్సు నిలయములోనో, కూరగాయల మార్కెట్టులోనో ఒంటరిగా తిరుగు పిల్లవాడు కనబడినచో, బాలల సహాయవాణి 1098 సంఖ్యకు ఫోను చేయుడు. ఆ ఫోనుకు రుసుము లేదు, ఏ వేళనైనను చేయవచ్చును. వచ్చినవారితో పిల్లవానికి తెలుగు మాత్రమే వచ్చునని చెప్పుడు. సమితి యెదుట వాని మాటలను కన్నడమున వినిపించుటకు మనిషి కావలెనన్నచో, ఒక పూట సెలవు పెట్టి మీరే వెళ్లుడు.